జానకి తపేలా

తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 12.

రహీమా పిన్నికి నమస్కారాలు.

మీరూ మజీద్ బాబాయిగారూ బాగున్నారా? అమ్మ పోయి రెండేళ్లయింది. మొన్న తద్దినం అయ్యాక బీరువా సర్దుతుంటే మీ ఉత్తరాల కట్ట దొరికింది. ఏలూరు స్కూల్లో ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు కోమట్లింటికీ ఒకరు కొల్లేటి లంకకీ కాపురానికెళ్లి, ముప్పై ఏళ్లు ఇన్ని ఉత్తరాలు రాసుకున్నారా అని ఆశ్చర్యపోయాను. ఫోను చేద్దామనిపించింది. కానీ అమ్మ పోయినప్పుడు మీరన్న మాట గుర్తొచ్చింది. "ఫోనులో అయితే ఏడుపొస్తుందే వాసవీ, కాగితం మీదయితే ఆపుకోవచ్చు" అన్నారు. అందుకే అమ్మ పెన్ను నేను పట్టుకున్నాను.

నాన్నగారు ఎప్పట్లాగే తెల్లారేసరికి ఉల్లిపాయల కొట్లో ఉంటున్నారు. నేను ఏలూరులో ఒక ట్రావెల్స్ కంపెనీలో చేరాను. కొల్లేరు చూడటానికి వచ్చేవాళ్ల కోసం వాళ్లు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో పిట్టలంక గురించి రాసే పని నాది. గూడబాతుల గురించీ పడవ షికారు గురించీ ఎవరైనా రాస్తారు. మా మేనేజరు మాత్రం, "ఆ ఊరివాళ్లు ఎక్కడ తినడానికి ఇష్టపడతారో అది రాయమ్మా, అదే అందరూ అడుగుతున్నారు" అన్నారు.

అది చెప్పడానికి మీకంటే ఎవరున్నారు? కాస్త వివరంగా రాయండి పిన్నీ.

మీ
వాసవి


పిట్టలంక,
సెప్టెంబరు 25.

వాసవమ్మకి, పిన్ని రాస్తున్నది.

నీ ఉత్తరం పడవ బుల్లిరాజు నా చేతికిచ్చి, "జానకమ్మగారి దస్తూరీలాగే ఉందండీ" అన్నాడు. కవరు తిప్పి చూశాను. అచ్చం మీ అమ్మ రాసినట్టే "ర" పక్కకి వాలిపోతుంది నీకు కూడా.

ఊరివాళ్లు ఎక్కడ తింటారని అడిగావు. రేవు పక్కన రంగు బోర్డుల హోటళ్లలో మాత్రం ఊరివాడు ఒక్కడు కనపడితే చెప్పు, నేను చెవి కోయించుకుంటాను. అక్కడ ఫొటోలున్న అట్ట ఒకటి చేతికిస్తారట, వేలు పెట్టి చూపించాలట. మా ఊళ్లో పొద్దున్నే వల వేయబోయే ముందు సీతారత్నం పాకలో ఇడ్లీ, అల్లం పచ్చడి తింటారు. సాయంత్రం తాతాజీ బండి మీద బజ్జీలు. మధ్యాహ్నం అంటావా, నా దగ్గరే. వలలు బాగుచేసే షెడ్డు వెనకాల, రేకుల కింద, ఆ నాలుగు బల్లలే ఇప్పటికీ. బోర్డు లేదు. ఏముందని అడగడం మా దగ్గర మర్యాద కాదు. ఆ పూట వల ఏమిస్తే అదే పులుసు, కొర్రమీనైనా జెల్లలైనా. బాగుందని చెప్పడం కొత్తవాళ్ల పని. మావాళ్లు ఇంకో రెండు ముద్దలు అన్నం పెట్టించుకుని లేస్తారు, అంతే.

ఈ ఏడాది వీళ్లకేం రోగమో గానీ మజ్జిగా ఆవకాయా తెగ లాగించేస్తున్నారు. ఉగాదికి పెట్టిన జాడీ వినాయక చవితికే అడుగంటింది!

కిందటేడు వానాకాలం నాకు జ్వరం వచ్చిన సంగతి నీకు తెలుసుగా. నలభై రోజులు పొయ్యి వెలగలేదు. మీ బాబాయిగారు పడవలకి చెక్కపని మానుకుని నా మంచం పక్కనే కూర్చున్నారు. ఆ నలభై రోజులూ నేను మనిషిని కానే వాసవీ. పన్నెండు కొట్టేసరికి పది మంది చేతులు కడుక్కుని బల్ల మీద కూర్చుంటేనే నాకు నేను ఉన్నట్టు. ఆ గరిటె నా చేతిలోంచి తీసేస్తే నేను బతకను. నిజం చెబుతున్నాను.

నా పేరు పుస్తకంలో వద్దులే. అయినా తినబోతూ రుచులడగడం ఎందుకు? వచ్చి చూసి రాయి. మీ అమ్మకి వేరుగా వండిపెట్టే తపేలా అటక మీదే ఉంది.

నీ
పిన్ని


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 21.

రహీమా పిన్నికి,

మొన్న మీ దగ్గర గడిపిన ఆ పూట ఇంకా కళ్ల ముందే ఉంది. మండవల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి బుల్లిరాజుగారి పడవలో వస్తుంటే చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని వచ్చినట్టే ఉంది. నాయనమ్మకి గుడికెళ్తున్నామని చెప్పి మీ దగ్గరకి వచ్చేవాళ్లం!

నేను మూల బల్ల మీద కూర్చుని అందర్నీ చూశాను. వలలాగి వచ్చినవాళ్లు, బడి మేష్టారు సత్యనారాయణమూర్తిగారు, సీతారత్నమ్మ కూడా పాక మూసి మీ దగ్గరకే వచ్చింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తలలు వంచుకుని, మెతుకు మిగల్చకుండా, ఎంత శ్రద్ధగా తిన్నారో. అలా తినడం నేనెక్కడా చూడలేదు.

నా కోసం అమ్మ తపేలా దింపి, వేరే పొయ్యి మీద మజ్జిగపులుసు చేసిపెట్టారు. "జానకి" అని చుక్కలతో కొట్టించిన పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాను. మీరు ఉప్పు డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డారు, అమ్మ పక్కన నిలబడినట్టే. అంతా సరిపోయింది పిన్నీ, ఎప్పట్లాగే.

పుస్తకానికి ఇలా రాశాను: "పిట్టలంకలో ఊరివాళ్లు భోంచేసేది వలల షెడ్డు వెనకాల ఉన్న మెస్‌లో. బోర్డు ఉండదు. ఏముందని అడగకండి, కూర్చోండి. ఇంత రుచిగా చేపల పులుసు కొల్లేటి చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదు." మీ పేరు రాయలేదు లెండి.

మీ
వాసవి


పిట్టలంక,
నవంబరు 7.

వాసవమ్మకి,

నువ్వు రాసింది మీ బాబాయిగారి చేత మూడుసార్లు చదివించుకున్నాను. ఆయన చదువుతూ చదువుతూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏమైందండీ అంటే దుమ్ము పడిందన్నారు.

ఇప్పుడు నీకొక మాట చెబుతాను. ఈ లంకలో ఎవరికీ తెలియదు, ఆయనకి కూడా చెప్పలేదు. ఆ జ్వరం తగ్గాక నాకు వాసన పోయింది. నాలుక కూడా పోయింది. ఉప్పేసినా మట్టేసినా ఒకటే. మొదట్లో జ్వరం నోరు కదా, వస్తుందిలే అనుకున్నాను. ఏడాది దాటింది. ఉల్లిపాయ మాడితే వాసనతో కాదు, పొగ చూసి తెలుసుకుంటున్నాను.

మరి ఎలా వండుతున్నారు పిన్నీ అంటావు. రంజాన్ నెలలో ముప్పై ఏళ్లుగా ఎలా వండానో అలాగే. ఉపవాసంతో ఉండి పగలు రుచి చూడను కదా. చేతి లెక్కతో వేసేయడం, బుల్లిరాజుకి మొదటి ముద్ద పెట్టి, "ఉప్పు చూడు నాయనా" అనడం. ఏటా ఆ ఒక్క నెలా వాడు ఉప్పు చూసే మనిషి. ఇప్పుడు అలా అడిగితే ఎందుకని అందరికీ అనుమానం వస్తుంది. అందుకని అడగటం లేదు. వాళ్ల మొహాలు చూస్తున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కనుబొమ్మ కదిలిందా, దవడ ఆగిందా అని పొయ్యి దగ్గర నుంచే కనిపెడతాను. ఎవరి మొహం మారలేదు. అల్లా నా నాలుక తీసుకున్నా చేతి లెక్క ఉంచాడు, అది చాలు.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. నాకదే భయం. ఒక్కొక్కసారి వేశానా లేదా అని గుర్తుండదు. ఇదివరకైతే చుక్క అరచేతిలో వేసుకుని నాకితే తేలిపోయేది.

ఆ రోజు నీ మొహం కూడా చూశానే. మీ అమ్మ తపేలాలో వండింది నేను ఏనాడూ రుచి చూడలేదు. చేపలు తినే నోటితో అది ఎంగిలి చేయకూడదని నేను పెట్టుకున్న నియమం. మీ అమ్మే తిని చెప్పేది. మొహమాటం లేని మనిషి. "ఉప్పు వెయ్యవే రహీమా, ఏం చప్పిడి కూడు పెడుతున్నావు!" అనేది. నువ్వు నిశ్చింతగా తిన్నావు. ఆ రోజు నాకు కంటి నిండా నిద్ర పట్టింది.

ఎవరికీ చెప్పకు.

నీ
పిన్ని


తాడేపల్లిగూడెం,
నవంబరు 23.

రహీమా పిన్నికి,

మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. ఉల్లిపాయలు తడుస్తాయని నాన్నగారు హడావుడి పడుతున్నారు.

ఏలూరులో ముక్కూ గొంతూ చూసే డాక్టరు ఒకరున్నారట. మీరు ఊ అంటే నేను తీసుకెళ్తాను.

పుస్తకం అచ్చయి వచ్చేసింది. ఒక కాపీ పంపుతున్నాను. ఆరోగ్యం జాగ్రత్త పిన్నీ. ఇంకేం రాయాలో తోచడం లేదు.

మీ
వాసవి


పిట్టలంక,
జనవరి 8.

వాసవికి,

మొన్న ఆదివారం విజయవాడ నుంచి ఒక కుటుంబం వచ్చింది. నీ పుస్తకం చేతిలో పట్టుకుని మరీ వచ్చారు. మంచి బల్ల చూసి కూర్చోబెట్టాను. కొర్రమీను పులుసు. పన్నెండు మంది ఊరివాళ్లు కూడా తింటున్నారు.

ఆ ఇల్లాలు మొదటి ముద్ద పెట్టుకుని అలాగే ఉండిపోయింది. చంటిపిల్ల ఉమ్మేసింది. ఆవిడ భర్త కంచం పక్కకి తోసి, "ఇదేం కూరండీ, ఉప్పుగడ్డ! మనుషులు తినేదేనా?" అన్నాడు. అని ఊరుకోలేదు. బుల్లిరాజు కంచంలోకి చూసి, "మీరెలా తింటున్నారండీ బాబూ?" అని అడిగాడు.

బుల్లిరాజు తల ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. అప్పుడు చూశానే వాళ్ల మొహాలు. పదిహేను నెలలుగా చూస్తున్న మొహాలే అవి. బాగుండి కాదు, బిగపట్టి అలా ఉన్నాయి.

అందరూ వెళ్లాక బల్లలు తుడుస్తుంటే బుల్లిరాజు కూర్చునే చోట కాగితం పొట్లం దొరికింది. విప్పితే ఉప్పు. నా కూరలో ఉప్పు లేని రోజు కలుపుకోవడానికి జేబులో ఉప్పు తెచ్చుకుంటున్నాడు! ఉప్పెక్కువైన రోజు మజ్జిగ పోసుకుంటున్నారు. ఆవకాయ జాడీ ఎందుకు అడుగంటిందో నాకిప్పుడు తెలిసింది. ఎంత సిగ్గయిందో చెప్పలేను. ఊరంతా కలిసి నన్ను చిన్నపిల్లని చేసి ఆడించారు.

పొయ్యి ఆర్పేశాను. ఇంక వెలగదు.

నిన్నొక్కటే అడుగుతాను. ఆ రోజు మజ్జిగపులుసులో ఉప్పుందా?

రహీమున్నీసా


తాడేపల్లిగూడెం,
జనవరి 20.

రహీమా పిన్నికి,

లేదు పిన్నీ. ఒక్క పలుకు కూడా లేదు.

మొదటి ముద్దకే తెలిసింది. బీపీ వచ్చి ఉప్పు మానేశారేమో అనుకున్నాను. మీరు డబ్బా పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నారు. అమ్మ అయితే ఠక్కున చెప్పేది. నాకు నోరు రాలేదు. ఇంత ప్రేమగా పెడుతుంటే వంక పెట్టడం ఏమిటని, సరిపోయిందన్నాను. అది మర్యాద అనుకున్నాను. అమ్మ కూర్చున్న చోట కూర్చుని, అమ్మ చేసే ఒక్క పనీ చేయలేకపోయాను.

ఇంకో తప్పు కూడా ఉంది. మీ చేపల పులుసు అంత రుచి ఇంకెక్కడా లేదని రాశాను కదా. నేను పుట్టి బుద్ధెరిగి చేప నోట పెట్టలేదు. మా ఇంటా వంటా లేదు. ఊరివాళ్లు తినే తీరు చూసి రాసేశాను. అంత శ్రద్ధగా తింటున్నారంటే ఎంత రుచో అనుకున్నాను. బుల్లిరాజుగారు జేబులోంచి పొట్లం తీయడం కూడా చూశాను. మందు కాబోలనుకున్నాను.

మీరు మీ కష్టం నాకొక్కదానికే చెప్పిన రోజున అయినా నేను నిజం రాసి ఉంటే, ఆ ఆదివారం మీకు ఆ అవమానం జరిగేది కాదు. మూడు కాగితాలు రాశాను, మూడూ చించేశాను. నాలుగోదానిలో ముసురు గురించి రాసి పంపాను. నాకు సిగ్గుగా ఉంది పిన్నీ.

మీరు నన్ను తిట్టండి. పొయ్యి మాత్రం ఆర్పకండి.

వాసవి


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 6.

రహీమా పిన్నికి,

మీ దగ్గర నుంచి జవాబు లేదు. రాదని తెలిసే రాస్తున్నాను.

నిన్న మండవల్లి రేవుకి వెళ్లాను. లంకలోకి రావడానికి ధైర్యం చాలలేదు. బుల్లిరాజుగారు కనిపించారు. సగం చిక్కిపోయారు. "పన్నెండయ్యేసరికి అందరం వెళ్లి మూసిన మెస్ ముందు కూర్చుంటున్నామండీ. పిన్నిగారు తలుపు తీయట్లేదండీ" అన్నారు.

మీకు ఎందుకు చెప్పలేదని నిలదీశాను. చివరికి చెప్పారు. ఇది మీకు రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. దాచడం వల్ల ఒకసారి జరిగింది చాలు. అందుకని రాసేస్తున్నాను.

మీ నాలుక పోయిన సంగతి బాబాయిగారికి మొదటి నుంచీ తెలుసు. జ్వరం తగ్గాక మీరు పొయ్యి వెలిగించిన మొదటి రోజు ఆయన తిన్న అన్నంలోనే తెలిసిపోయింది. ఆ సాయంత్రం ఆయన పిట్టలంకలో ఇంటింటికీ తిరిగారట. "దణ్ణం పెడతానండీ, ఆవిడ ఎలా వండినా తినండి. చెప్పారంటే గరిటె కింద పెట్టేస్తుంది. గరిటె కింద పెడితే నాకు దక్కదు" అని అడిగారట. అడిగిన తర్వాత ఎవరూ ఇంకో చోట తినలేదట. "ఆయన అడక్కపోయినా చెప్పేవాళ్లం కాదులెండి, ఎలా చెబుతామండీ?" అన్నారు బుల్లిరాజుగారు.

మా మేనేజరుతో చెప్పాను. రెండోసారి అచ్చువేసే పుస్తకంలో ఆ పేజీ తీసేస్తున్నాము.

వాసవి


పిట్టలంక,
ఫిబ్రవరి 22.

వాసవమ్మకి, పిన్ని రాస్తున్నది.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. పొయ్యి వెలగటం లేదు కాబట్టి బతికిపోయింది.

రెండోది చదివి మీ బాబాయిగారి ముందు పెట్టాను. ఆయన పడవకి చెక్క చిత్రిక పడుతున్నారు. చదివి, చెక్క కింద పెట్టి, నా వైపు చూడకుండా కూర్చున్నారు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆయన మీద అంత అరవలేదు నేను. ఇంటిగుట్టు లంకకి చేటంటారు, నా మొగుడు లంకంతా కూడగట్టి నా ఇంట్లోనే గుట్టు పెట్టాడు. "ఉప్పులేని కూడు రెండు పూటలా తింటూ నా ఎదురుగా ఎలా కూర్చున్నారండీ?" అన్నాను. ఆయన అప్పుడు చెప్పారు. "ఆ నలభై రోజులు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. పొయ్యి దగ్గరకి వెళ్లిన రోజు నావైపు తిరిగావు. నాకు ఉప్పెందుకే?"

నేను ఏడ్చాను. కాగితం మీద కాదు, ఎదురుగానే ఏడ్చాను.

రెండు రోజులు ఆలోచించాను. వాళ్లు నన్ను ఆడించారనుకున్నాను గానీ, పదిహేను నెలలు ఆ కూడు తినడం ఆట కాదు. అయినా వాళ్లు చేసింది తప్పే. నాకు కావలసింది జాలి కాదు, నాలుక. అడగాల్సినది నేను అడగలేదు, చెప్పాల్సినది వాళ్లు చెప్పలేదు. అందరికీ మొహమాటమే.

మూడో రోజు పొయ్యి వెలిగించాను. బొచ్చె చేప పులుసు. పన్నెండింటికి తలుపు తీశాను. మూసిన మెస్ ముందు కూర్చున్నవాళ్లు అలాగే లేచి లోపలికి వచ్చి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. ఎవరి కంచంలోనూ వడ్డించలేదు. మీ బాబాయిగారిని మొదటి బల్ల మీద కూర్చోబెట్టి, ముద్ద కలిపి పెట్టి, ఉప్పు డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాను. "మీ మొహం చూడను. గోడ చూస్తాను. నోటితో చెప్పండి" అన్నాను.

ఆయన నమిలారు. మింగారు. తర్వాత, "ఉప్పు చాల్లేదు రహీమా" అన్నారు.

అంతే, వెనకాల నుంచి బుల్లిరాజు, "పులుపు కూడానండీ పిన్నిగారూ! ఏడాదిన్నర నుంచీ చెప్పాలనుకుంటున్నానండీ" అన్నాడు. అందరికీ ఒక్కో ముద్ద పెట్టగానే సత్యనారాయణమూర్తి మేష్టారు కారం ఎక్కువైందన్నారు. సీతారత్నం అయితే మెంతిపొడి పడలేదని ఏకంగా పొయ్యి దగ్గరకే వచ్చేసింది. ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నారో గానీ ఒక్కొక్కళ్లూ వంకలు పెట్టడమే వంకలు పెట్టడం! తలా ఒక మాట చెబుతుంటే వేస్తూ పోయాను. చివరికి బుల్లిరాజు ముద్ద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంకో రెండు ముద్దలు అన్నం పెట్టించుకున్నాడు. ఆ రోజు ఎవరూ ఆవకాయ అడగలేదు.

ఏలూరు డాక్టరు దగ్గరకి వస్తాను. నాలుక వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఇంకో వారంలో రంజాన్ నెల. ఎలాగూ రుచి చూడను. బుల్లిరాజుని ఇప్పటి నుంచి పన్నెండు నెలలూ ఉప్పు చూసే మనిషిగా కూర్చోబెట్టాను.

పుస్తకంలో ఆ పేజీ తీయకు. రుచి సంగతి మాత్రం కొట్టేయి, నీకేం తెలుసని? ఊరివాళ్లు ఇక్కడే తింటారని ఉంచు, అది నిజమే. కింద ఒక్క మాట కలుపు: ఇక్కడ తినేవాళ్లు ఉప్పు చూసి నోటితో చెప్పాలి.

ఇంక ఒక్కటే మిగిలింది. పులుసుకి ఊళ్లో యాభై నాలుకలున్నాయి. మీ అమ్మ తపేలాకి ఒక్కటీ లేదు. అది చేపలు తినే నోళ్లకి ఇవ్వను, మీ అమ్మ ఉన్నా లేకపోయినా. దానికి కళాయి పెట్టించి, తోమి, పొయ్యి పక్కన బోర్లించాను. నువ్వు రా. మజ్జిగపులుసు చేస్తాను. డబ్బా పట్టుకుని పక్కన నిలబడతాను.

ఈసారి మీ అమ్మలా చెప్పు.

నీ
పిన్ని